తివాచీ, జంపఖానా – కస్టమ్స్ వారి లెక్క

మన ఇళ్లలో పెళ్లి అయినా, నలుగురు కూడే ఏ కార్యమైనా ముందు పరిచేది జంపఖానా. ఉర్దూలో దరీ అంటాము. ఊలు కుచ్చు పైకి లేచి మెత్తగా ఉండేది కాలీన్, అంటే తివాచీ. "రెండూ పరుచుకునేవే కదా మాస్టారూ, తేడా ఏమిటి?" అని పిల్లలు అడిగితే జవాబు సుంకాల చరిత్రలో దొరికింది.

ఏలూరులో తివాచీ పనిని పర్షియా నుండి వచ్చిన నేతగాళ్లు మొదలుపెట్టారని పెద్దల మాట. వరంగల్ తివాచీ 1851లో లండన్ మహాప్రదర్శనకు వెళ్లింది. ఈ పనివారి గొప్పతనమంతా ముడిలోనే ఉన్నది. పడుగు పోగులకు ఊలు పోగును చేత్తో చుట్టి, ముడివేసి, కోసి, పేకతో బిగించాలి. ఒక్క తివాచీకి నెలలు పడుతుంది.

సరుకు రేవు దాటేటప్పుడు దానికి పేరు కావాలి. పేరును బట్టే సుంకం. 1950లో బ్రస్సెల్స్‌లో కుదిరిన ఒప్పందం వల్ల దేశాలకు ఉమ్మడి పట్టిక ఏర్పడింది. అందులో ముడి తివాచీలు 58.01, తక్కినవి 58.02. తరువాత 1983 నాటి ఒప్పందంతో వచ్చిన హార్మోనైజ్డ్ సిస్టమ్ 1988 నుండి అమలైనది. మన దేశం 1986లోనే ఆ పద్ధతికి మారింది. ఇందులో 57వ అధ్యాయం నేలపరుపులది. ముడివేసినవి 5701. కిలీమ్‌లు, మన జంపఖానాల వంటి మగ్గం నేతవి 5702. టఫ్టెడ్ రకం 5703. ఫెల్టువి 5704. మిగిలినవి 5705. గోడకు వేలాడదీసినా తివాచీ తివాచీయే!

ఇందులో అసలు సంగతి 5701కీ 5703కీ మధ్య గీత. టఫ్టెడ్ రకంలో ముడి ఉండదు. ముందే తయారైన గుడ్డలోకి సూదితో పోగులు గుచ్చి, వెనుక జిగురు పూస్తారు. పైనుంచి చూస్తే రెండూ ఒకటే. సులువైన పనిని ముడి పని అని అమ్మితే నష్టపోయేది కొన్నవాడొక్కడే కాదు. నెలల తరబడి ముడులు వేసినవాడి కూలి కూడా పడిపోతుంది. ఆ గీత పట్టికలో నిలిచి ఉండటం పనివాడికి ఎంతో కొంత రక్ష.

వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. కాబట్టి సోదరులారా, తివాచీ కొనేటప్పుడు ఒక్కసారి తిరగేసి చూడండి. ముడి పనిలో డిజైను వెనుక కూడా కనబడుతుంది. పిల్లలకూ చూపించండి.