రక్తం నడిచే దారి
ఇబ్నె నఫీస్ నుండి నర్సింగు తరగతి వరకు

మన సంఘ సభ్యుల ఇండ్లలో నుండి నర్సింగు శిక్షణకు వెళ్ళే పిల్లలు ఈనాడు కొందరున్నారు. మొదటి సంవత్సరంలోనే వారి చేతికి ఒక లావుపాటి పుస్తకం వస్తుంది. అందులో రెండు శాస్త్రాలుంటాయి. శరీరంలో ఏది ఎక్కడ ఉన్నదో చెప్పేది శరీర నిర్మాణ శాస్త్రం. అది ఏ పనిని ఎలా చేస్తుందో చెప్పేది శరీర ధర్మ శాస్త్రం. ఈ రెండూ రానిదే నర్సు కాలేరు.

మా మేనకోడలు కూడా ఈ చదువులోనే ఉన్నది. సెలవులకు ఇంటికొచ్చి ఒకనాటి సాయంత్రం గుండె పాఠం ముందు పెట్టుకొని కూర్చుంది. "మామూ, కుడి కర్ణిక, కుడి జఠరిక, పుపుస ధమని, ఊపిరితిత్తులు, పుపుస సిర, ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, మహాధమని... ఎన్నిసార్లు బట్టీపట్టినా తారుమారైపోతోంది" అని వాపోయింది. వంటింట్లో నుండి మా ఆపా అందుకుని, "సూది వేయడానికి, పుండుకు కట్టు కట్టడానికి ఇదంతా దేనికిరా? పిల్లను ఊరికే సతాయిస్తున్నారు" అన్నది.

ఆపాకు ఒక్కమాటలో జవాబు చెప్పలేకపోయాను. అందుకని ఒక పాత చరిత్ర ఎత్తుకున్నాను. ఆనాడు చెప్పినదే ఇక్కడ కొంత వివరంగా రాస్తున్నాను.

జాలీనూస్ మాట

మన యునానీ హకీములు జాలీనూస్ అని పిలిచే వైద్యుని అసలు పేరు గాలెన్. క్రీ.శ. 129లో పెర్గమాన్‌లో పుట్టి, రోము నగరంలో పేరు గడించిన మహావైద్యుడు. ఆ రోజులలో మనిషి శవాన్ని కోసి చూసే వీలు లేదు గనుక కోతులను, పందులను కోసి పరిశీలించాడు. ఆయన తెలుసుకున్నవి ఎన్నో నిజాలే. ధమనులలో గాలి తప్ప రక్తం ఉండదని అంతకుముందు కొందరు నమ్మేవారు. వాటిలోనూ రక్తమే ఉంటుందని రుజువు చేసినవాడు ఆయనే.

అయితే ఒక్కచోట పొరబడ్డాడు. ఆయన లెక్కప్రకారం మనం తిన్న తిండి నుండి కాలేయంలో రక్తం తయారవుతుంది. సిరల వెంట శరీరమంతా పారి, పొలానికి పెట్టిన నీరు మట్టిలో ఇంకినట్లు అక్కడే ఖర్చైపోతుంది. మరి గుండె కుడి గదిలోని రక్తం ఎడమ గదికి ఎలా చేరుతుంది? ఆ రెంటికీ మధ్యనున్న గోడలో కంటికి ఆనని సన్నని రంధ్రాలున్నాయని, వాటి గుండా కొద్దికొద్దిగా ఊరుతుందని ఆయన చెప్పాడు. ఆ రంధ్రాలను ఆయన చూడలేదు. ఉండి తీరాలని అనుకున్నాడు, అంతే!

అంతటివాడు చెప్పిన మాటను కాదనేదెవరు? వెయ్యేండ్లకు పైగా అదే చెల్లుబాటయింది. 980 నుండి 1037 వరకు జీవించిన ఇబ్నె సీనా తన మహాగ్రంథం 'అల్ ఖానూన్'లో గుండె విషయానికి వచ్చేసరికి గాలెన్‌నే చాలావరకు అనుసరించారు.

డెమాస్కస్ నుండి కైరోకు

ఇబ్నె నఫీస్ 1210 ప్రాంతంలో డెమాస్కస్ దగ్గర పుట్టారు. ఆ నగరంలో నూరుద్దీన్ జంగీ 12వ శతాబ్దిలో కట్టించిన నూరీ ఆసుపత్రిలో వైద్యం నేర్చుకున్నారు. తరువాత ఈజిప్టుకు వెళ్ళి కైరోలో స్థిరపడ్డారు. వైద్యం ఒక్కటే కాదు, షాఫయీ ధర్మశాస్త్రంలో కూడా పండితుడు. ఇబ్నె సీనా గ్రంథంలోని శరీర నిర్మాణ భాగాలకు ఆయన ఒక వ్యాఖ్యానం రాశారు. 1242 నాటికే అది పూర్తయింది. అప్పటికి ఆయనకు 30 ఏండ్ల ప్రాయం!

వ్యాఖ్యానమంటే పెద్దలు చెప్పినదాన్ని విడమరచి చెప్పడమని మనమనుకుంటాం. ఈయన విడమరచడంతో ఆగలేదు, సరిదిద్దారు కూడా. గుండె రెండు జఠరికల నడుమనున్న గోడ గట్టిది, మందమైనది, అందులో కంటికి కనబడే రంధ్రం లేదు, గాలెన్ చెప్పిన కనబడని రంధ్రాలూ లేవు అని స్పష్టంగా రాశారు. మరి రక్తం ఎటు పోతుంది? కుడి గది నుండి పుపుస ధమని ద్వారా ఊపిరితిత్తులకు వెళ్తుంది. అక్కడ గాలితో కలుస్తుంది. పుపుస సిర ద్వారా గుండె ఎడమ గదికి తిరిగి వస్తుంది. మా మేనకోడలు బట్టీపట్టలేక అవస్థ పడిన దారి అచ్చంగా ఇదే. గుండెలో మూడు జఠరికలున్నాయని ఇబ్నె సీనా అంటే, ఉన్నవి రెండేనని ఈయన సరిచేశారు. గుండె తన కండలోనే ఉన్న రక్తనాళాల నుండి పోషణ పొందుతుందని కూడా చెప్పారు.

మతధర్మం మీది గౌరవం చేతను, సహజమైన దయ చేతను తాను శవాలను కోయలేదని ఆయనే రాసుకున్నారు. ఐతే పాత పుస్తకాలలోని పరిశీలనలను పక్కపక్కన పెట్టి, ఏ అవయవం ఏ పనికోసం ఉన్నదని తర్కించి సత్యానికి చేరారు. ఇబ్నె సీనా అంటే ఆయనకు ఎనలేని గౌరవం. ఆ గౌరవం ప్రశ్నకు అడ్డు రాలేదు. పెద్దలను గౌరవించడం వేరు, వారి పొరపాటును మోయడం వేరు అని ఇందులో మనం గ్రహించాలి.

తక్కినది ఇతరులు పూర్తిచేశారు

మనవారి పేరు వినగానే, అంతా మనవాళ్ళే కనిపెట్టారని వేదికలెక్కి చెప్పుకోవడం కొందరికి అలవాటు. అది సరికాదు. ఇబ్నె నఫీస్ చెప్పినది గుండె నుండి ఊపిరితిత్తులకు, అక్కడినుండి మళ్ళీ గుండెకు సాగే చిన్న ప్రయాణం మాత్రమే. ఒంట్లోని రక్తమంతా గుండ్రంగా తిరుగుతూ ఉంటుందని ఆయన చెప్పలేదు.

ఐరోపాలో ఈ చిన్న ప్రయాణాన్ని 1553లో స్పెయిన్ దేశస్థుడు సెర్విటస్ తన గ్రంథంలో రాశాడు. ఆయన మత విశ్వాసాలు నచ్చనివారు అదే ఏడు జెనీవాలో ఆయనను సజీవదహనం చేశారు. 1559లో అచ్చయిన ఇటలీ వైద్యుడు కొలంబో గ్రంథంలోనూ ఇదే విషయం ఉన్నది. పెద్ద ప్రయాణం సంగతి 1628లో ఇంగ్లాండు వైద్యుడు విలియం హార్వే తేల్చాడు. ఆయన చేసినది చాలా తేలిక లెక్క. గుండె అరగంటలో వెయ్యిసార్లకు పైగా కొట్టుకుంటుంది. ప్రతిసారీ ఎంత కొద్ది రక్తం బయటికి తోసినా, ఆ మొత్తం ఒంట్లో ఉన్న రక్తాన్ని మించిపోతుంది. అంత రక్తం తిండి నుండి ఎప్పటికప్పుడు తయారు కావడం అసాధ్యం. కనుక ఉన్న రక్తమే తిరిగి తిరిగి రావాలి! నేటి లెక్కలో చూస్తే పెద్దవాళ్ళ గుండె దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్ల చొప్పున నిమిషానికి 5 లీటర్ల రక్తం తోస్తుంది. ఒంట్లో ఉండే రక్తం దాదాపు అంతే.

ధమనుల కొసల నుండి సిరల మొదళ్ళకు రక్తం ఎలా దాటుతుందో హార్వేకు కనబడలేదు. 1661లో ఇటలీకి చెందిన మాల్పీగీ సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తిని చూసి, వెంట్రుక కంటె సన్నని కేశనాళికలను కనుగొన్నాడు. ఊపిరితిత్తులలో ధమనికీ సిరకూ నడుమ సన్నని మార్గాలుండాలని ఇబ్నె నఫీస్ ఊహించినది 400 ఏండ్లకు పైగా గడిచాక కంటికి కనబడింది.

మరుగున పడిన పుస్తకం

ఇక బాధ కలిగించే సంగతి చెప్పాలి. ఇబ్నె నఫీస్ రాసిన 'మూజజ్' అనే సంక్షిప్త వైద్యగ్రంథాన్ని మన దేశంలో యునానీ విద్యార్థులు తరతరాలుగా చదివారు. అంతటి గొప్ప సంగతి ఉన్న వ్యాఖ్యానం మాత్రం గ్రంథాలయాల అరలలో మూలబడింది. 1924లో జర్మనీలో చదువుకుంటున్న తతావీ అనే ఈజిప్టు వైద్యుడు బెర్లిన్ గ్రంథాలయంలో దాని రాతప్రతిని తిరగేసి, తన పరిశోధన వ్యాసంలో బయటపెట్టేదాకా లోకానికి పట్టలేదు. అంటే 680 ఏండ్లకు పైగా! పుస్తకాన్ని ఎవరూ తగలబెట్టలేదు, ఎవరూ దాచిపెట్టలేదు. చదివేవారు కరువయ్యారు, అంతే. తాతల గొప్ప చెప్పుకునే మనం వారి పుస్తకం తెరవకపోతే ఆ గొప్ప ఎవరికి ఉపయోగం?

ఆపా ప్రశ్నకు జవాబు

ఈ చదువంతా నర్సుకు దేనికి? మూడు ముక్కలలో చెబుతాను.

సూది వేసేముందు రోగి జబ్బకు నర్సు పట్టీ బిగిస్తుంది. సిర ఉబ్బుతుంది. చేతి సిరలో రక్తం గుండెవైపే పోతుందని చూపడానికి హార్వే కట్టు కట్టి చూపిన పరీక్ష కూడా ఇటువంటిదే.

ఆపరేషను తరువాత కదలకుండా పడుకున్న రోగికి కాలి సిరలో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊడితే ఎటు పోతుంది? కుడి కర్ణికకు, కుడి జఠరికకు, అటునుండి పుపుస ధమనిలోకి వెళ్ళి ఊపిరితిత్తిలో ఇరుక్కుంటుంది. కాలి పిక్కలో నొప్పి, వాపు ఉన్న రోగికి హఠాత్తుగా ఆయాసం వస్తే, దారి తెలిసిన నర్సు క్షణం ఆగకుండా డాక్టరును పిలుస్తుంది. దారి తెలియనివారు కాలికీ ఊపిరికీ సంబంధమేమిటని ఊరుకుంటారు. ఆ తేడా ఒక ప్రాణం.

ఇక గుండె గోడ. గాలెన్ అందరి గుండెల్లో ఉన్నాయనుకున్న రంధ్రాలు లేవు. పసిపిల్లలు కొందరికి మాత్రం పుట్టుకతోనే ఆ గోడలో రంధ్రం ఉంటుంది. దానిని మనం జబ్బు అంటాం. పాలు తాగుతూ ఆయాసపడి చెమటపట్టే బిడ్డను, పెదవులు నీలంగా మారే బిడ్డను మొదట గుర్తుపట్టేది చాలాసార్లు నర్సే.

ఇదంతా విని ఆపా కాసేపు మాట్లాడలేదు. తరువాత కూతురి దగ్గర కూర్చుని, "ఏదీ, మళ్ళీ చెప్పు" అన్నది. ఈసారి పిల్ల పుస్తకం మూసి, తన వేలితో ఎదమీద దారి గీసుకుంటూ తప్పులేకుండా చెప్పింది.

సంఘ సభ్యులకు ఒక మనవి. కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన మన్సూరీ ఆసుపత్రిలో స్త్రీలకు, పురుషులకు వేర్వేరు వార్డులు ఉండేవి. రోగుల సేవకు పురుషులతోపాటు స్త్రీలనూ నియమించారు. ఇబ్నె నఫీస్ 1288లో కన్నుమూసేముందు తన ఇంటిని, తన పుస్తకాలన్నిటినీ ఆ ఆసుపత్రికే రాసిచ్చారు. మనం ఇండ్లు ఇవ్వనక్కరలేదు. నర్సింగు చదువు ముగించిన మన పిల్లలు తమ పుస్తకాలను పాతకాగితాల వానికి తూకానికి వేయకుండా, వెనుక వచ్చే పిల్లల కోసం సంఘానికి తెచ్చి ఇస్తే చాలు. పుస్తకం అరలో ఉంటే కాగితం, చేతిలో ఉంటేనే చదువు.