ఎద్దు ముక్కు, పిల్లి ముక్కు

రాత్రి కొట్టంలో ఎద్దు గురక పెట్టిందంటే మా జహీరాబాద్ దిక్కు రైతుకు గుండె జారేది. అలాంటి ఎద్దు నాలుగు సాళ్ళకే రొప్పుతుంది. అంగడికి తోలుకుపోతే బేరగాడు ఆ చప్పుడు విని పక్క ఎద్దు దగ్గరికి పోతాడు. పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా చేరిన కొత్తలో నేను చూసిన మొదటి ముక్కు గడ్డ అలాంటి ఎద్దుదే. లోపల గోబిపువ్వులాంటి కండ, చీమిడిలో నెత్తుటి చార.

ఆ గురక రోగం చెరువు నీళ్ళ నుంచి వస్తుంది. నత్తలో పెరిగిన పురుగు నీళ్ళలోకి వచ్చి, పశువు చర్మంలోంచి దూరి, ముక్కు రక్తనాళాల్లో చేరుతుంది. అది పెట్టే గుడ్ల వల్ల కండ పెరుగుతుంది. 1933లో ఎం. అనంతనారాయణరావు ఆ పురుగుకు షిస్టోసోమా నాసేల్ అని పేరు పెట్టారు. హైదరాబాద్‌లో పశువైద్య కళాశాల వచ్చింది ఆ తర్వాతే, 1946లో. ఎవుసం ఎద్దు మీదే నడిచింది కాబట్టి వైద్యం కూడా ఎద్దు వెంటే నడిచింది. ఆ గురక రోగానికి ఆంథియోమలైన్ సూదులు నా చేతులతో ఎన్ని వేశానో!

ఇక పిల్లి అంటే, జొన్న గుమ్ముల దగ్గర ఎలుకల కోసం ఉండేది. కుక్క నోటనో లారీ కిందనో పోయేది. ముసలిదయ్యేదాకా బతికిన పిల్లిని నా చిన్నతనంలో చూసిన గుర్తు లేదు. ముక్కులో క్యాన్సర్ గడ్డ ఎక్కువగా వయసు మళ్ళిన పిల్లికి వస్తుంది. ముసలి పిల్లే కనబడని కాలంలో ఆ రోగం మా కంట ఎలా పడుతుంది?

పదమూడేళ్ళు మా ఇంట్లో పెరిగిన పిల్లికి ఎడమ ముక్కు ఒక్కటే కారింది. జలుబనుకుని నెలన్నర మందు పోశాను. ముక్కు దూలం ఉబ్బింది, వాసన తెలియక చేప ముక్క కూడా ముట్టలేదు. హైదరాబాద్ తీసుకుపోతే స్కాన్ తీసి, ముక్కు లోపలి కండలో చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. లింఫోమా అని తేలింది. పిల్లుల ముక్కులో ఎక్కువగా కనబడే క్యాన్సర్ అదేనట. కిరణ చికిత్సకు లొంగే రకమే, కానీ మాది తట్టుకునే స్థితి దాటిపోయింది. ముప్పై ఏళ్ళు ఎద్దుల ముక్కులు చూసిన నేను ఆ నెలన్నరను ఇప్పటికీ మరిచిపోలేను.

మీ ఇంట్లో ముసలి పిల్లి ఉంటే, దానికి ఒక్క వైపే ముక్కు కారినా, నెత్తురు పడినా జలుబని సరిపెట్టుకోకండి. ముక్క కోసి పరీక్ష చేయమని డాక్టర్‌ను మీరే అడగండి.