ద్రాక్షారసము: ఒకే పండు, రెండు కుటుంబాలు



మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక ఒక యౌవనస్థుడు నా దగ్గరకు వచ్చాడు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మంచి బిడ్డ, గాయకబృందంలో పాడుతాడు. "పాస్టర్‌గారూ, శుక్రవారం రాత్రి ఆఫీసు పార్టీలో అందరూ రెడ్ వైన్ తాగుతారు. గుండెకు మంచిదంటున్నారు. యేసుప్రభువే కానాలో ద్రాక్షారసం చేశాడు గదా! నేనూ ఒక గ్లాసు తీసుకుంటే తప్పేమిటి?" అని అడిగాడు. ఒక్క వారం ఆగమన్నాను. ఎందుకంటే అతని వెనుక మరొక సహోదరుడు నిలబడి ఆ మాట విన్నాడు. ఆయన సంగతి చివర చెబుతాను. ముందుగా ఆ గ్లాసులోనికి వచ్చే పండు చరిత్రను చూద్దాం రండి.

మన ఊరి ద్రాక్ష

ద్రాక్ష మనకు క్రొత్తది కాదు. 1660లలో గోల్కొండ రాజ్యాన్ని చూసిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, ఇక్కడ ద్రాక్షతోటలు ఉన్నాయనీ, జనవరిలోనే పండ్లు పండుతాయనీ, వాటితో తెల్ల ద్రాక్షారసం చేస్తారనీ వ్రాసిపెట్టాడు. 1832 ప్రాంతంలో క్రైస్తవ మిషనరీలు తమిళదేశంలోని మధుర, సేలం జిల్లాల్లో ద్రాక్ష నాటించారు. హైదరాబాదులో 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన తెచ్చి పెంచిన రకమే 'అనాబ్-ఎ-షాహి'. ఆ మాటకు రాజద్రాక్ష అని అర్థం. పొడవాటి, లేత బంగారు రంగు పండు. నిజాము ప్రభుత్వ కాలంలో తోటలు పెరిగాయి. మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది, రంగారెడ్డి జిల్లాలో రాతిస్తంభాల మీద తీగెలు కట్టి, పందిరి వేసి పెంచేవారు. వేసవి మొదలయ్యేసరికి తోపుడుబండ్ల నిండా అవే గుత్తులు.

తరువాత ఏమైంది? బూజు తెగులు వచ్చింది. అకాల వర్షాలు కొట్టాయి. గింజలేని థాంసన్ రకం బజారును ఆక్రమించింది. వీటన్నిటికి తోడు భూమి ధర వచ్చింది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక, నగరం చుట్టూ ఎకరం విలువను పంటతో లెక్కకట్టేవారు అరుదైపోయారు. ఆహాబు రాజు అడిగినా తన పితరుల ద్రాక్షతోటను అమ్మనన్న నాబోతును మీరెరుగుదురు. మన రైతుల్లో అలా నిలువగలిగినవారు కొద్దిమంది. వారిని నేను నిందించను. అప్పులున్నాయి, ఆడపిల్లల పెళ్ళిళ్ళున్నాయి. నేడు హైటెక్ సిటీ అద్దాల మేడలకు ఎంతో దూరంలో లేని రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం మాత్రం ఆ పాత జ్ఞాపకాన్ని కాపాడుతోంది.

నందికొండల క్రింద ఒక కుటుంబం

మన యౌవనస్థుల పార్టీల్లో కనబడే రెడ్ వైన్ ఎక్కడిది? బెంగుళూరు రహదారి మీద అనంతపురం, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం వెళ్ళండి. రాష్ట్రం కర్ణాటకమే గానీ ఊళ్ళలో మన తెలుగే వినబడుతుంది. అక్కడికి దగ్గరలో నందికొండల క్రింద, దొడ్డబళ్ళాపురం ప్రక్కన, 1988లో గ్రోవర్ కుటుంబం ఒక ద్రాక్షతోటను స్థాపించింది.

ఆ కుటుంబ పెద్ద కన్వల్ గ్రోవర్. విదేశీ యంత్రాల దిగుమతి ఆయన వ్యాపారం. ఫ్రాన్సుకు వెళ్ళివస్తూ ద్రాక్షారసం మీద మక్కువ పెంచుకున్నాడు. షాంపేన్ ప్రాంతానికి చెందిన జార్జ్ వెసెల్ అనే నిపుణుణ్ణి వెంటబెట్టుకొని, మన దేశంలో అనువైన నేల కోసం ఏళ్ళ తరబడి వెదికాడు. దాదాపు 35 ఫ్రెంచి రకాలను నాటి పరీక్షించి, వాటిలో కొన్నిటినే ఎంచుకున్నాడు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, చల్లని రాత్రులు, నీరు నిలవని నేల. ఇవి చూసి నందికొండలను నిర్ణయించాడు. తోట నాటిన నాలుగేళ్ళకు, 1992లో, మొదటి వైన్ బయటికి వచ్చింది. వారి 'లా రిజర్వ్' అనే ఎర్ర వైన్ కాబెర్నే సావిన్యో, షిరాజ్ అనే రెండు రకాల కలయిక. ఓక్ చెక్క పీపాల్లో నిలువ ఉంచి తయారుచేస్తారు.

ఎర్ర వైన్‌కు ఆ రంగు ఎలా వస్తుందో తెలుసా? నల్లద్రాక్షను పిండి చూడండి, చాలా రకాల్లో రసానికి రంగే ఉండదు. రంగంతా తోలులో ఉంది. పండ్లను నలిపి తోలుతోనే కొన్ని రోజులు పులియనిస్తారు. ఈస్టు అనే సూక్ష్మజీవి చక్కెరను తిని సారాగా, వాయువుగా మారుస్తుంది. ఆ వేడిలో, ఆ పొంగులో తోలు తన రంగును, వగరును రసానికి ఇచ్చేస్తుంది.

తండ్రి తరువాత కుమారుడు కపిల్ ఆ పని చేపట్టాడు. మనుమరాలు కరిష్మా కాలిఫోర్నియాలో ఈ విద్య నేర్చుకొని వచ్చింది. 2012లో ఆ సంస్థ నాసిక్‌లోని మరొక సంస్థతో విలీనమైంది. అంతటితో అది కేవలం ఒక ఇంటి తోటగా ఉన్న కాలం ముగిసింది. ఆ ఓపికను, శ్రమను నేను చిన్నచూపు చూడను. మూడు తరాలు ఒక తీగెను కనిపెట్టుకొని ఉండటం చిన్న విషయం కాదు. ఆ కుటుంబం తన శక్తినంతా రసాన్ని చక్కగా పులియబెట్టడానికి ధారపోసింది.

వైన్‌లాండ్‌లో మరొక కుటుంబం

ఇప్పుడు అదే పండు దగ్గర నిలబడిన మరొక కుటుంబాన్ని చూడండి. ఆ కుటుంబం శక్తినంతా రసం పులియకుండా ఆపడానికి ధారపోసింది.

అమెరికాలోని న్యూజెర్సీలో వైన్‌లాండ్ అనే ఊరు. అక్కడ థామస్ బ్రామ్‌వెల్ వెల్చ్ అనే పళ్ళ వైద్యుడు ఉండేవాడు. మెథడిస్టు సంఘంలో ప్రభువు బల్లను సిద్ధపరచే బాధ్యత ఆయనది. మద్యం సంసారాలను కూల్చడం చూసి, ఆ బల్ల మీద సారా ఉన్న గిన్నెను పెట్టడానికి ఆయన మనస్సాక్షి ఒప్పుకోలేదు. అప్పటికి కొద్ది సంవత్సరాల క్రితమే ఫ్రాన్సులో లూయీ పాశ్చర్, వైన్‌ను మితంగా వేడిచేస్తే దాన్ని చెడగొట్టే సూక్ష్మజీవులు చస్తాయని నిరూపించాడు. వెల్చ్ ఆ సూత్రాన్ని తన వంటగదిలోనికి తెచ్చుకున్నాడు. 1869లో కాంకర్డ్ అనే నల్లద్రాక్షను పిండి, వడకట్టి, సీసాల్లో పోసి, బిరడా బిగించి, మరుగుతున్న నీటిలో ఉంచాడు. సీసాల్లో రసం పులియలేదు. దానికి 'పులియని వైన్' అని పేరుపెట్టి సంఘాలకు అమ్మజూపాడు.

సంఘాలు పరుగెత్తి వచ్చి కొన్నాయా? లేదు, ప్రియులారా. చాలామంది పాత గిన్నెను మార్చడానికి ఇష్టపడలేదు. కొన్నేళ్ళకు తండ్రి విసిగి మానుకున్నాడు. కుమారుడు చార్లెస్, అతడూ పళ్ళ వైద్యుడే, ఆ పనిని మళ్ళీ ఎత్తుకున్నాడు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనకు వచ్చిన జనం రుచి చూశాక ఆ రసం పేరు దేశమంతా ప్రాకింది. ఒక ప్రభువు బల్ల కోసం పుట్టిన రసం అలా లోకమంతటి ఇళ్ళలోకి వెళ్ళింది.

మన మాట, మన తల్లులు

ఒక్క సంగతి నిజాయితీగా ఒప్పుకోవాలి. మొదటి ప్రభురాత్రి భోజనంలో ఉన్నది పులిసిన రసమే అయి ఉంటుంది. యూదయ దేశంలో ద్రాక్షకోత వేసవి చివర. పస్కా వసంతకాలంలో. నడుమ ఆరేడు నెలలు రసం పులియకుండా నిలువదు. మన హైదరాబాదులో అయితే అక్టోబరులో కొమ్మలు కత్తిరిస్తే ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వరకు కోత. సరిగ్గా శ్రమదినాల్లోనే తాజా ద్రాక్ష మన బుట్టల్లో ఉంటుంది! మన సంఘాల్లో చాలాచోట్ల తల్లులు శనివారం సాయంత్రం నల్లద్రాక్షను ఉడికించి, పలుచని గుడ్డలో వడకట్టి బల్లకు సిద్ధంచేస్తారు. పండ్లు దొరకని కాలంలో ఎండుద్రాక్ష నానబెడతారు. వెల్చ్ పేరు ఎన్నడూ వినకపోయినా ఆయన చేసిన పనినే చేస్తున్నారు.

మన తెలుగు మాట కూడా గమనించండి. ద్రాక్షారసము అంటే పిండిన రసమూ కావచ్చు, పులిసిన వైనూ కావచ్చు. బైబిలు రెంటికీ చోటిచ్చింది. అయితే మన వీధిలో 'వైన్స్' అని బోర్డున్న దుకాణంలోకి వెళ్ళినవాడు కొనేది మాత్రం చాలావరకు బ్రాందీ, విస్కీ, బీరు. నందికొండల క్రింద మొదటి వైన్ బయటికి వచ్చిన ఆ 1992లోనే, నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి స్త్రీలు సారా దుకాణం మీద తిరగబడ్డారు. అక్షరాలు దిద్దుకుంటున్న పేద తల్లుల పోరాటం జిల్లాలు దాటింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. ఒకే సంవత్సరంలో ఒకచోట గ్లాసు మర్యాదకు గుర్తు, మరొకచోట అదే గ్లాసు అన్నం కుండను బోర్లించింది. ఈ రెండూ మన చరిత్రే.

ఆ రెండవ సహోదరుడు

ఇప్పుడు ఆ వెనుక నిలబడిన సహోదరుని సంగతి. ఆయన కూడా ఐటీ ఉద్యోగే. ఆయన త్రాగుడు కూడా ఆఫీసు పార్టీలో ఒక గ్లాసు ఎర్ర వైన్‌తోనే మొదలైంది. ఉద్యోగం పోయింది, భార్య పిల్లలను తీసుకొని పుట్టింటికి వెళ్ళింది. ప్రభువు కనికరించాడు. మానుకొని నాలుగేళ్ళయింది. ఒకసారి వేరే ఊరిలో ఒక సంఘానికి వెళితే, అక్కడ బల్ల దగ్గర నిజమైన వైన్ ఇచ్చారట. గిన్నె దగ్గరకు రాగానే వాసన తగిలింది, చేతులు వణికాయి. తాకకుండా బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. "అయ్యగారూ, నన్ను ఇంటికి చేర్చిన ప్రభువు గిన్నే నన్ను మళ్ళీ వీధిలోకి తోస్తుందేమోనని భయమేసింది" అన్నాడు.

తమ్ముడూ, ఇదే నీకు నా జవాబు. కానాలో ప్రభువు చేసిన అద్భుతాన్ని నేను కాదనను. ద్రాక్షారసం దానంతట అది పాపమని కూడా చెప్పను. గుండెకు మంచిదన్న మాటకైతే, ఎంత కొద్దిగా త్రాగినా ఆరోగ్యానికి పూర్తిగా క్షేమమని చెప్పగల మోతాదు లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అయినా నా ప్రశ్న అది కాదు. నువ్వు ఎత్తే గ్లాసును నీ ప్రక్కన ఎవరు చూస్తున్నారు? కొరింథు సంఘంలో బల్ల దగ్గర ఒకడు మత్తులో ఉంటే మరొకడు ఆకలితో ఉన్నాడు. పౌలు గద్దించింది ఆ నిర్లక్ష్యాన్నే. సహోదరునికి అడ్డము కలిగేటట్టయితే మాంసమైనా, ద్రాక్షారసమైనా మానుకోవడమే మేలని రోమా సంఘానికి ఆయన వ్రాసిన మాట, పధ్నాలుగవ అధ్యాయంలో, ఈ రాత్రి చదువుకో.

వెల్చ్ తండ్రీ కొడుకులు, శనివారం సాయంత్రం ద్రాక్ష ఉడికించే మన తల్లులు చేసింది ఒక్కటే. బల్ల దగ్గర అందరికంటె బలహీనుడు ఎవరో చూసి, అతనికి తగిన గిన్నెను సిద్ధపరిచారు. వచ్చే ఆదివారం మన బల్ల దగ్గర ఆ సహోదరుడు భయం లేకుండా చెయ్యి చాపుతాడు. అతని ప్రక్కనే నువ్వూ మోకరించు.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.