ఒంగోలు కఱవును, క్రైస్తవ గ్రంథములును

గడచిన మాసమున నేను పఠించిన గ్రంథములలో అధికభాగము క్రైస్తవములు. క్రీ.శ. 400 ప్రాంతమున అగస్టీను లాటినుభాషలో రచించిన ఆత్మనివేదనము, ఇంగ్లండున గిన్నెలకు మాట్లువేయువాని కుమారుడైన జాన్ బనియను 1666లో ప్రకటించిన ఆత్మకథ, ఒంగోలున అమెరికను బాప్టిస్టు మిషనరీగా నుండిన జాన్ క్లౌ దొర జీవితకథ, ఆయన భార్య ఎమ్మా మాదిగలనుగూర్చి 1899లో వెలువరించిన గ్రంథము వానిలో ముఖ్యములు.

మొదటి రెంటియందును ఒక్క మనుష్యుని హృదయమే యుద్ధభూమి. అగస్టీను 386లో మిలాను నగరమునందలి తోటలో పొందిన పరివర్తనమును గాని, బనియను బెడ్‌ఫర్డు చెఱసాలలో 12 ఏండ్లు సహించిన నిర్బంధమును గాని చదివి, వారి విశ్వాసమును శంకించువారు అరుదు. ఒంగోలు కథకు వచ్చుసరికి మాత్రము మనవారిలో పలువురు ఒక్కమాటతో తీర్పు చెప్పివేయుదురు: కఱవులో గంజికొఱకు మతము మార్చుకొనిరని. పండితుడు మాఱినచో ఆత్మవిచారమును, పేదవాడు మాఱినచో ఆకలియు నగునా? ఈ తీర్పును కాలక్రమముతో పోల్చి పరీక్షింపవలసియున్నది.

చర్మవ్యాపారియగు ఎఱ్ఱగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందినది 1866లో. అనగా 1876-78 నాటి కఱవునకు పదేండ్లు ముందు. అతడు అంతకుపూర్వమే గురువుల నాశ్రయించి యోగమార్గమున సత్యమును వెదకినవాడు. 1867 జనవరిలో అతని గ్రామప్రాంతమున మఱి 28 మంది అతని ననుసరించిరి. కఱవు వచ్చినప్పుడు క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు దీసికొని, వేలమందికి కూలి కల్పించెను. ఆ దినములలో జనులు బాప్తిస్మము వేడగా, కూలికై చేరిరను మాట రాకుండుటకై ఏడాదికి పైగా ఎవ్వరికిని ఇయ్యడయ్యెను. తుదకు 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లికడ గుండ్లకమ్మలో, ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు వంతులవారిగా నిలువగా, ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

కఱవునకు ఇందు పాత్ర లేదనుట సత్యము గాదు. కాలువపనిలో ఆ జనులు బోధకులతో నెలలతరబడి మెలగిరి. ఆపదలో తమ్ము మనుష్యులుగా చూచినవారిని మఱవలేకపోయిరి. మఱియు ఈ వృత్తాంతమును మనకు చెప్పినవారు మిషనరీలు. ఏటిలో మునిగి లేచినవారు తమ మాటను తమ చేతితో వ్రాయుట కానాడు చదువు లేదు. కావున ఈ గ్రంథములను జాగరూకతతో చదువవలసినదే. అయినను చేరినవారికి క్లౌ దొర విధించిన నియమములను చూడుడు: ఆదివారమున పనిచేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. పిలిచినపుడెల్ల పనికి పోవుటయు, జాతరలలో డప్పు కొట్టుటయు వారి విధి యని యెంచెడి గ్రామములలో ఈ నియమములను పాటించుట యనగా పెద్దరైతుల యాగ్రహమును కోరి తెచ్చుకొనుటయే. గంజికొఱకే వచ్చినవాడు గంజి ముగిసిన పిమ్మట ఈ కష్టము నేల తలకెత్తుకొనును?

భారతారణ్యపర్వమున కౌశికుడను బ్రాహ్మణుడు మిథిలకు పోయి, మాంసమమ్ము ధర్మవ్యాధునివలన ధర్మము నేర్చెను. ఆ కథ విని తరతరములుగా తలలూచిన మనము, ధర్మమును వెదకుచు తిరిగిన పేరయ్యను ఏ గుడివాకిట నిలువనిచ్చితిమి? గంజి పోసినవారిని నిందింపబూనువారు ముందుగా ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పవలయును.