రోజుకో రూపాయి: రహీం సాహెబు శిక్షణ

చిక్కబళ్ళాపురంలోగానీ, చింతామణిలోగానీ బడి ఆటలంటే ముందు గుర్తొచ్చేది డ్రిల్లు మాస్టరు, ఆయన మెడలోని విజిలు. భారత ఫుట్‌బాల్‌కు దారి చూపిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు కూడా హైదరాబాదులో బడిపంతులే.

ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పును వరుసగా 5 సార్లు గెలిచింది. కుడికాలి వాటం వాళ్ళు ఎడమకాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారట! ఆటగాళ్ళకు పోలీసు ఉద్యోగం ఉండేది కాబట్టి కడుపుకు దిగుల్లేదు. సంస్థ అండ లేనిదే శిక్షకుడొక్కడు ఏం చేయగలడు చెప్పండి?

ఆ అండ ఇంకా అందనివాళ్ళ మాటేమిటి? సికిందరాబాదు దగ్గర అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాంకు ఆట ఉంది, మైదానానికి రావడానికి డబ్బుల్లేవు. అద్దె సైకిలుకని రహీం సాహెబు రోజుకో రూపాయి ఇచ్చారు. ఆ కుర్రాడే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడాడు. మన జట్టుకు 4వ స్థానం వచ్చింది. బాగేపల్లి చుట్టుపక్కల పల్లెల పిల్లలు సాయంత్రం ఆట ముగించుకుని ఇల్లెలా చేరతారో మీకే తెలియాలి.

1962లో జకార్తా ఆసియా క్రీడలు. వెనక కాపు కాసే జర్నైల్ సింగ్‌కు తలకు దెబ్బ తగిలింది. కుట్లు పడ్డాయి. రహీం సాహెబు అతణ్ణి ముందు వరుసలో నిలిపారు. ఎంత సాహసం! ఫైనల్లో అతనూ ఒక గోలు కొట్టాడు. దక్షిణ కొరియాపై 2–1తో స్వర్ణం మనది.

మరుసటి ఏడు, 1963 జూన్‌లో, రహీం సాహెబు కాన్సరుతో కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్ళీ రాలేదు.