గుణదల కొండ

విజయవాడయందలి గుణదల కొండపై మరియమాత విగ్రహ మొకటి కలదు. 1924వ సంవత్సరమున, అచ్చటి సెయింటు జోసెఫ్ సంస్థను నడపుచుండిన ఆర్లాటి గురువుగారు దానిని నిలిపిరి. ఏటేట ఫిబ్రవరి 9 మొదలు 11 వఱకు నచ్చట తిరునాళ్లు జరుగును. మొన్నటి తిరునాళ్లకు నేనును పోయితిని. మెట్ల వెంట జనులు కొబ్బరికాయలు చేతబట్టి యెక్కుచుండిరి. తలనీలాలు సమర్పించినవారు పెక్కురు. క్రైస్తవులే కాక హిందువులును వారిలో గలరు.

ఆ దినములే యేల యని మీ రడుగవచ్చును. దానికి మూలము ఫ్రాన్సు దేశమున, పిరనీసు పర్వతముల పాదమున నున్న లూర్దు పట్టణమునందు గలదు. 1858వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన బెర్నదెత్తు అను పదునాలుగేండ్ల బాలిక కట్టె లేరుటకై పోయి, ఏటి యొడ్డున గుహలో నొక స్త్రీమూర్తిని జూచితినని చెప్పెను. ఆమె తండ్రి పిండిమర పోగొట్టుకొన్న నిరుపేద. పాత చెరసాలలోని యొక్క గదియే వారి కాపురము. బాలికకు చదువు రాదు. బడులలో నేర్పెడు ఫ్రెంచి కాక, ఆ సీమ పల్లెభాషయే యామెకు తెలిసినది. ఆ మూర్తి తనతో నా పల్లెభాషలోనే పలికినదనియు, పదునైదు దినము లచ్చటికి రాగలరా యని తన్ను మన్నించి యడిగినదనియు బాలిక చెప్పెను. ఇంతటి మన్నన తన కెవ్వరు చేసిరి గనుక? అదియే యామెకు మిక్కిలి వింతయయ్యెను.

విచారణ జరిపించి, 1862లో నచ్చటి బిషప్పు ఆ దర్శనమును నమ్మదగినదని ప్రకటించెను. 1864వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన, ఫాబిష్ అను శిల్పి మలచిన పాలరాతి విగ్రహమును గుహయందు నిలిపిరి. శిల్పి ఆ బాలికను ముందుగా ప్రశ్నించి, ఆమె చెప్పినట్లే చెక్కయత్నించెను. అయినను ఆ విగ్రహమును జూచి, తాను గన్న రూప మిది కాదని యామె చెప్పెను.

అయ్యలారా! నేను నలువది యేండ్లు బడిపంతులుగా నుంటిని. కరణముగారి బిడ్డను నాయనా యని, పాలేరు బిడ్డను ఒరే యని పిలిచితిని. పల్లెమాట పలికినవానిని బల్లపై నిలువబెట్టితిని. ఆనాడు గుణదల మెట్లపై, నా కంటె ముందెక్కుచున్న యొక కూలి ముదుసలి వెనుదిరిగి, "మెల్లగా రండి బాబుగారూ, మెట్లు జారుతున్నాయి" అని చేయందించెను. ఆమె పలికినది పల్లెమాటయే. దిద్దవలసిన తప్పు నాకందు గానరాలేదు.

శిల్పి యులికి రూపము దక్కలేదు గాని, ఆ మన్నన మాత్రము ఆ యేటి యొడ్డునుండి మన కొండమెట్ల వఱకు వచ్చినది. మతమేదైనను, పేదబిడ్డను మన్నించి పిలుచుట మనకు దగినదే కదా. సెలవు.