బాలింతయు కాఫీయు



ఇంట బాలింత యున్నప్పుడు ఆమె పథ్యమును నిర్ణయించువారు పెద్దలు. కావున ఈ ప్రసంగము మిమ్మే ఉద్దేశించి చేయుచున్నాను. బాలింత కాఫీ త్రాగవచ్చునా యను ప్రశ్నకు మన ప్రాచీన వైద్యగ్రంథములలో ఉత్తరము వెదకుట వృథా. ఏలయన చరక సుశ్రుతులు కాఫీ నెఱుగరు. కాఫీ చరిత్రనే అడుగవలయును.

కాఫీ చెట్టునకు పుట్టినిల్లు ఇథియోపియా. 15వ శతాబ్దమున యెమెను దేశపు సూఫీలు రాత్రివేళ ధ్యానమందు నిద్ర రాకుండుటకై దీనిని సేవించిరి. నిద్ర నాపుటకే దీనిని త్రాగిరను మాటను జ్ఞాపకముంచుకొనుడు. 17వ శతాబ్దమున బాబా బుడాను అను ఫకీరు ఏడు గింజలను దెచ్చి చిక్కమగళూరు కొండలపై నాటెనని ఐతిహ్యము. నేడు మన అరకులోయ గిరిజనులును దీనిని పండించుచున్నారు.

ఈ పానీయమునకు నిషేధములు తప్పలేదు. 1511లో మక్కా అధికారి ఖైర్ బేగ్ దీనిని నిషేధింపగా, కైరో సుల్తాను ఆ యాజ్ఞను సడలించెను. 1675లో ఇంగ్లండు రాజు రెండవ చార్లెసు కాఫీశాలలను మూయింప నాజ్ఞాపించి, కొలది దినములకే వెనుకకు దీసికొనెను. కూడదనువారికిని కూడుననువారికిని వాదమే గాని కొలత లేదు. 1819లో జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు రుంగె కాఫీగింజనుండి కెఫీను అను సారమును వేఱుచేసెను. అటుపిమ్మట కొలుచుటకు వీలు కలిగినది.

కొలువగా తేలిన దేమనగా: తల్లి పుచ్చుకొన్న కెఫీనులో ఇంచుమించు నూటికొక వంతు మాత్రమే బిడ్డకు పాలద్వారా చేరును. త్రాగిన ఒకటి రెండు గంటలకు పాలలో నది హెచ్చుగ నుండును. పెద్దల దేహమున అది సగము తగ్గుటకు సుమారు 5 గంటలు చాలును. కాలేయ మింకను పరిపక్వము కాని నవజాత శిశువునకో, మూడు నాలుగు దినములు పట్టును. కావున స్వల్పమైనను దినదినము చేరి నిలువయగును. ఆఱవ మాసము దాటునప్పటికి శిశువు శక్తి పెద్దల శక్తికి సమీపించును.

ఐరోపా ఆహార రక్షణ సంస్థ 2015లో, పాలిచ్చు తల్లి దినమునకు 200 మిల్లీగ్రాముల వఱకు కెఫీను పుచ్చుకొనిన బిడ్డకు భయము లేదని నిర్ణయించినది. డికాక్షను చిక్కదనమును బట్టి మాఱినను, ఇది సుమారు రెండు చిన్న గ్లాసుల కాఫీ. తేనీటిలోను కెఫీను గలదు. దానిని గూడ ఈ లెక్కలో చేర్పవలయును. చికోరీలో కెఫీను లేదు.

నేను ఉపాధ్యాయుడనై యున్న యొక గ్రామమున, శిశువు రాత్రులు నిదురపోక యేడ్చుచుండగా దిష్టి తీసిరి. పాలు పడలేదని చనుబాలు మాన్పించి డబ్బాపాలు పట్టిరి. తల్లి దినమునకు ఎన్ని మాఱులు కాఫీ త్రాగుచున్నదో యెవరును అడుగలేదు. కారణము కాఫీయే యని నేననను. అయినను ముందుగా అడుగవలసిన ప్రశ్న యది.

కావున పెద్దలారా, బాలింతకు కాఫీ బొత్తిగా నిషేధింపవలదు, అపరిమితముగ నీయనువలదు. బిడ్డకు పాలిచ్చిన వెంటనే త్రాగుట మేలు. నెలలు నిండక పుట్టిన బిడ్డ విషయమున వైద్యుని అడిగియే త్రాగవలయును. శిశువు నిదురలేక చిరాకు పడుచున్నచో కొన్నాళ్లు కాఫీ తగ్గించి చూడుడు; తగ్గకున్న వైద్యునకు చూపుడు. మాన్పింపదగినది గ్లాసు గాని, చనుబాలు కాదు.